పత్తి అర్రలో పిలుపు

మూడేళ్లలో మొదటిసారి పటేల్ బాట తప్పాడు.

పటేల్ అంటే ఊరి పెద్దమనిషి కాదు, ఆరేళ్ల మగపులి. ఎదురుగా ఎవరొచ్చినా వాళ్లే పక్కకు జరగాలన్నట్టు నడుస్తాడని మడావి జంగు ఆ పేరు పెట్టాడు. పటేల్ మెడలోని పట్టీ తానెక్కడున్నదీ గంటకోసారి చెబుతుంది. ఆ ఉదయం ఏడింటికి తెరమీద పడిన చుక్క చూసి రుక్మ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. చుక్క బాటలో లేదు. బాటకు తూర్పున, పత్తి చేలల్లో ఉంది.

"జంగుదాదా, ఇటు రా. పటేల్ గీత దాటిండు."

జంగుకు అరవై దాటాయి. గోండు గూడెంలో పుట్టి, పులి అడుగు చూసి దాని ఆకలి చెప్పగల మనిషి. వచ్చి తెరకేసి కళ్లు చికిలించి చూశాడు.

"నీ మిషనే అబద్ధమాడుతున్నదేమో బాయీ. మనిషి తప్పుతడు గని పటేల్ తప్పడు."

ఎనిమిదింటికి పడిన చుక్క ఇంకో అరకిలోమీటరు తూర్పుకే జరిగింది. తూర్పున ఉన్న ఊరు గుండివాగు. రుక్మ పెరిగిన ఊరు. ఇక జంగు మిషన్ను ఏమీ అనలేదు, పోయి జీపు తాళాలు తెచ్చాడు.

ఆ బాట రుక్మ వేసిందే. ప్రాణహిత అవతల అడవి పులులతో కిక్కిరిసి ఉంది. ఇవతల అడవి ఖాళీగా పడి ఉంది. నడుమ ముప్పై ఎనిమిది కిలోమీటర్ల పత్తి చేలు, రైలు పట్టాలు, బొగ్గు గనులు, తారు రోడ్లు. కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరిన పులి ఇవతలికి చేరడమంటే ఎక్కడో నూటికొకటి. రైలు కింద కొన్ని, అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగలకు కొన్ని పోయేవి. తీగకు చుట్టుకుని చచ్చిన ఒక ఆడపులి కడుపు కోస్తే మూడు కూనలు బయటపడ్డాయి. ఆ రోజు కత్తి పట్టింది రుక్మే. తిండి సయించక నాలుగు రోజులు పడుకుని, ఐదో రోజు లేచి పని మొదలుపెట్టింది.

పులికి హద్దులు చెప్పేది కంచె కాదు, వాసన. చెట్టు మొదట్లో తన వాసన చిమ్మి పోతే, వెనక వచ్చేది దాన్ని చదువుకుంటుంది. వానొస్తే ఆ రాత చెరిగిపోతుంది. రుక్మ ప్రయోగశాలలో ఒక సూక్ష్మజీవిని తయారుచేసింది. అది మైనం తిని బతుకుతుంది, బతికినన్నాళ్లూ పులి వాసన వదులుతుంది. మట్టికుండలో గుప్పెడు మైనం, అందులో ఆ సూక్ష్మజీవి, యాభై అడుగులకో గుంజ. ఊళ్లవైపు నల్లకుండలు. వాటిది బలమైన మగపులి వాసన, 'ఇది నా జాగా, రావద్దు' అని. బాట పొడుగునా ఎర్రకుండలు. వాటిది జతకోసం చూసే ఆడపులి వాసన, 'ఇటు రా' అని. మనిషి ముక్కుకు రెండూ ఆనవు. జనం వాటికి పులికుండలని పేరు పెట్టారు. మొదట్లో వాటిని రాళ్లతో పగలగొట్టినవాళ్లే, ఒక పత్తికాలం గడిచి ఒక్క కూలికీ గీత పడకపోయేసరికి, రుక్మను పిలిచి కోడి కోసి పెట్టారు. పదకొండు పులులు ఆ బాటన దాటాయి. ప్రతి ఊళ్లో రుక్మ చెప్పింది ఒకటే మాట. "పులి మీ దిక్కు రాదు. దానికి నేను జామీను."

జామీనున్న మనిషి గుండె ఆ ఉదయం జీపులో ఎట్లా కొట్టుకుందో జంగుకు వినబడే ఉంటుంది. దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు పాపం.

నల్లకుండలు ఒక్కటీ పగల్లేదు. ముక్కుపెట్టె తీసి ప్రతి కుండ దగ్గరా పెట్టి చూసింది. ముక్కుపెట్టె అంటే ఏ పులి వాసన ఎంతుందో అంకెల్లో చెప్పే చేతిపెట్టె. ఉత్త గడ్డి దగ్గర మూడో నాలుగో చూపిస్తుంది, కుండ దగ్గర నాలుగు వందలు. కుండలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి పటేల్ ఇంత గట్టి కాపలాను ఎందుకు దాటినట్టు?

కుండల వరస అవతల ట్రాక్టర్ల దారి. జంగు అక్కడ గొంతుక్కూచుని చాలాసేపు లేవలేదు.

"ఇటు రా బాయీ. ఈ రేగుకంపకు చిక్కిన పత్తి జూడు."

కంపకు నాలుగైదు చోట్ల పత్తి పింజలు వేలాడుతున్నాయి. ట్రాలీ పోతుంటే అంటుకున్నవి. కింద దుమ్ములో పటేల్ పంజాలు పళ్లెమంత వెడల్పున దిగబడి ఉన్నాయి.

"పత్తికి బుగ్గ రాసిండు. ఇగో ఎంటికె. ఈడ నేల గీకిండు, ఈడ చిమ్మిండు. ఆకలి నడక గాదిది. పెండ్లికొడుకు నడక."

"పత్తితోని పటేల్‌కేం పని దాదా?"

"అది నువ్వు జెప్పాలె, సదువుకున్నదానివి. నాకు తెలిసింది ఒక్కటే. ఇది చేనునుంచి ఇంటికి వొయ్యే పత్తి గాదు. తొక్కిన పత్తి. ఇంట్ల కుప్పవోసి తొక్కి, అటెన్క మిల్లుకు దోలిన పత్తి."

రుక్మ ముక్కుపెట్టెను ఒక పింజ దగ్గర పెట్టింది. ఆడపులి వాసన, నూట తొంభై. పెట్టె తప్పు చూపిందేమోనని మళ్లీ పెట్టింది. నూట తొంభై మూడు. దగ్గర్లో ఎర్రకుండ లేదు. ఆ వాసన పత్తిదే.

పదింటి చుక్క వాగు పొదల్లోనే ఆగి ఉంది, పగటిపూట పటేల్ కదలడనుకుంది. పింజలన్నీ డబ్బాలో వేసుకుని తిరుగుదారి పట్టింది.

ప్రయోగశాలలో వేదగిరి గారు అప్పుడే పూజ ముగించుకుని వచ్చారు. ఈ పులుల పరిశోధన కేంద్రానికి పెద్ద ఆయనే. కాకినాడ మనిషి, మెత్తని మాట, పేపర్లు రాయడంలో దిట్ట, చేలో దిగితే మాత్రం కాలికి బురద అంటుతుందని చూసుకునే రకం. రుక్మ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. పత్తి పోగు ప్రతిదానిమీదా కంటికానని మైనం పొర ఒకటుంటుంది. ఆ పొర నిండా రుక్మ చేసిన జీవులే, ఎర్రకుండల్లోంచి గాలికి వచ్చి చేరినవి, చీమలబారులా.

"చేలో పరీక్షించాం కదమ్మా?" అన్నారాయన. "పత్తి చెట్టు మీద నిలవదని మీరే రాశారు."

"నిలవది సార్, చేన్ల ఎండకు చస్తది. ఇట్ల జూడున్రి."

ఒక పింజను చీకటి పెట్టెలో, ఒళ్లు వెచ్చనంత వేడిలో పెట్టింది. మధ్యాహ్నానికి తీసి చూస్తే అంకె మూడింతలయింది.

వేదగిరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే చీకటి, వెచ్చదనం కావాలి. పత్తికి అవి దొరికేదెక్కడ? గోదాముల్లోనా?"

"ఇండ్లల్ల సార్," అంది రుక్మ. "మా ఇండ్లల్ల."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రుక్మ గడ్డిని పరీక్షించింది, మట్టిని పరీక్షించింది, ఎద్దు వెంట్రుకల్ని కూడా వదల్లేదు. పత్తిని చేలోనే చూసింది, చేలోనే వదిలేసింది. గుండివాగులో పత్తి ఏరగానే మిల్లుకు పోదని, నడిమింటి అర్రలో దూలాలదాకా పోసి తొక్కుతారని, చలికాలం పిల్లలు దానిమీదే పడుకుంటారని ఎవరో వచ్చి చెప్పాలా ఆమెకు? ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆ కుప్పమీదే పడుకున్న పిల్ల. కళ్లముందే పుట్టి పెరిగినదాన్ని పరీక్షించాలని ఎవరికి తోస్తుంది!

తోచలేదు. మొన్న ఆదివారం అక్క ఇంట్లో కూర్చున్నప్పుడైనా తోచలేదు.

అక్క పేరు పోసక్క. రుక్మకు నాలుగేళ్లప్పుడు తల్లి పోతే, పదహారేళ్ల పోసక్క చెల్లెల్ని చంకనేసుకునే అత్తారింటికి వచ్చింది. రుక్మ చదువంతా ఆమె చలవే. ఇప్పుడు పోసక్క కూతురు కవిత తొలికాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టి నెల కూడా కాలేదు. బాలింతకు చలి సోకకూడదని ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు, అంటే పత్తి అర్ర, ఆమెకిచ్చారు. ఒకవైపు దూలాలదాకా పత్తి, ఒకవైపు నులకమంచం, మంచం కింద కుంపటి. పిల్ల మాడుమీద ఆముదంలో ముంచిన పత్తి ముద్ద. కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. మిగతా ఇళ్లలోంచి పత్తి చాలావరకు వెళ్లిపోయింది గానీ పోసక్క పింజ కదలనివ్వలేదు. ఇరవై ఒకటోరోజు తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక, అయ్యేదాకా బాలింత అర్రలోంచి పత్తి బయటికి పోతే ఇంటి లక్ష్మి పోతుందని వాళ్ల ఆనవాయితీ.

రుక్మ ఆ కుప్పకు వీపు ఆనించి, పిల్లను ఒళ్లో వేసుకుని, అక్క కలిపి పెట్టిన ముద్దలు తింది.

"కుక్క మూడు దినాలాయె, గడపల అడుగు వెడ్తలేదే," అంది పోసక్క. "బర్రె సుత పాలు దాస్తున్నది. ఎవల దిష్టో!"

"నీ మనుమరాలి అందం జూసి బెదిరినయి," అని నవ్వింది రుక్మ. కవిత కూడా నవ్వింది.

ఆ నవ్వు గుర్తొచ్చి రుక్మ ఫోను తీసింది.

"ఆగండి," అన్నారు వేదగిరి గారు. "ఎవరికి చెబుతున్నారు? ఇది బయటికి పొక్కిందంటే సాయంత్రానికి బాట మూసేస్తారు. రేపటికి ఊళ్లవాళ్లు కళేబరాల్లో మందు కలుపుతారు. పదకొండు పులులు రుక్మా! ముందు నిర్ధారించుకుందాం, ఒక నివేదిక రాసి..."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే బాధ. విషం తిన్న పులి ఎట్లా చస్తుందో రుక్మ చూసింది. అయినా ఆమె వేలు అప్పటికే నంబరు నొక్కింది. నిర్ధారణట, నివేదికట! చేతులు కాలుతుంటే ఆకుల లెక్క రాస్తానంటాడు ఈ పెద్దమనిషి.

"అక్కా, ఏడున్నవ్?"

"ఏడుంట? అర్రలనే. కవిత పండింది. ఇంట్ల ఎవ్వలు లేరు, అందరు పత్తికి వోయిన్రు." పోసక్క గొంతు తగ్గించింది. "ఇగో, కుక్క ఇప్పుడు లోపటికొస్తనంటున్నట్టున్నదే. తలుపు గీకుతున్నది. ఉండు, తీసొస్త."

రుక్మ కేకేసింది.

"అక్కా! తియ్యకు! తలుపు తియ్యకు! అది కుక్క గాదు!"

ఫోనులో పోసక్క ఊపిరి. ఆ వెనక చెక్కమీద గోళ్లు మెల్లగా, తీరిగ్గా కిందికి దిగుతున్న చప్పుడు.

"తలుపు సందులకెల్లి కనవడ్తుందే," అంది పోసక్క. ఏడుపు లేదు, అరుపు లేదు. "పసుప్పచ్చగున్నది."

"అడ్డగడియ ఎయ్యి. కుంపటార్పు. పిల్లను ఏడ్వనియ్యకు. నేనొస్తున్న."

మత్తుసూది వేసేవాళ్లు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. గుండివాగు తొమ్మిది కిలోమీటర్లు. రుక్మ అరమీద ఉన్న రెండు డబ్బాలూ, ఎర్రదీ నల్లదీ, అందుకుంది. జంగు వెనక సీటులో కూర్చున్నాడు. పైన గుడ్డకప్పు తప్ప మరేమీ లేని జీపు. వద్దని ఆమె అనలేదు, ఉండిపోతానని ఆయనా అనలేదు.

ఊరు బోసిపోయి ఉంది. పట్టపగలు మూడు గంటల ఎండలో గల్లీలో ఒక్క ప్రాణి లేదు. పోసక్క వాకిట్లో పటేల్ గడపకు అడ్డంగా పడుకుని ఉన్నాడు. టేకు తలుపుమీద అడుగు పొడుగు గీతలు. కోపం లేదు అతని ముఖంలో. చెంప గడపకేసి రాస్తూ, సన్నగా, బతిమాలుతున్నట్టు మూలుగుతున్నాడు. గర్జించి ఉంటే రుక్మకు ఇంత భయమేసేది కాదు. లోపల ఆడపులి ఉందని, తలుపు తీస్తుందని నమ్మి ఎదురుచూస్తున్నాడు. ఆ నమ్మకం ఆమె పెట్టిందే.

ఎర్ర మైనం గోనెసంచికి పూసి జీపు ముందు కట్టింది. పది గజాల దూరం నుంచి మెల్లగా ముందుకూ వెనక్కూ నడిపింది. పటేల్ తలెత్తి చూశాడు. మళ్లీ గడపమీద పెట్టుకున్నాడు.

"ఇంట్ల ఇరువై క్వింటాళ్లు వెట్టుకోని గుప్పెడు జూపిస్తె వస్తడా?" అన్నాడు జంగు.

అప్పుడే లోపల పిల్ల ఏడ్చింది. ఒక్క అరుపు, వెంటనే ఎవరో రొమ్ము నోటికిచ్చినట్టు ఆగిపోయింది. పటేల్ మూలుగు ఆపేశాడు. చెవులు ముందుకు తిరిగాయి. లేచి నిలబడి, ముందు కాళ్లు తలుపుమీద ఆనించాడు. పాత తలుపు కిర్రుమంది. మడతబందు మేకు ఒకటి ఊడి గచ్చుమీద పడటం రుక్మకు జీపులోకి వినబడింది.

అప్పుడు ఆమెకు నల్లడబ్బా గుర్తొచ్చింది. పిలిస్తే రాడు. తిడితే వస్తాడు. డబ్బా మూత తీసి, సగం తలుపు తెరుచుకుని వంగి, మగపులి మైనమంతా జీపు ముందుమూత మీద గుమ్మరించింది. ఇంజను వేడికి మైనం కరిగి కారింది. ఆమె ముక్కుకు ఉత్త మైనం వాసన. పటేల్ ముక్కుకు మాత్రం తన జత కోసం ఎవడో వచ్చి వాకిట్లో తొడగొట్టినట్టు!

అతను తలుపుమీద నుంచి దిగి వెనక్కి తిరిగి గర్జించాడు. ఆ అరుపు విని రుక్మకు కాసేపు చెవులు పనిచెయ్యలేదు.

జీపు గల్లీలో వెనక్కే పరుగెత్తింది, మూలమీద తిరిగింది, చేలదారి పట్టింది. పటేల్ రెండు దూకుల్లో అందుకున్నాడు. వెనక గుడ్డకప్పు చిరిగిపోయిన చప్పుడు, జంగు "పోనీ బాయీ, పోనీ!" అనే కేక. ఆమె అద్దంలో చూడలేదు. చూస్తే ఆపేస్తుందని ఆమెకే తెలుసు. వాగు దాటి, బాట దాటి, పటేల్ వెనకబడ్డాక ఆరు కిలోమీటర్ల అవతల బండరాళ్లకు ఎర్రడబ్బాలో మిగిలిన మైనం పూసి, మిట్ట ఎక్కి అప్పుడు వెనక్కి చూసింది. జంగు కుడిభుజం ఎముకదాకా చీలి ఉంది. తలగుడ్డ అదిమిపట్టుకుని తెల్లబడిన పెదాలతో నవ్వుతున్నాడు.

"మర్యాదగల్లోడు," అన్నాడు. "చెయ్యి వదిలిండు."

జంగును ఆసుపత్రిలో చేర్పించి, రుక్మ ఫోనులోనే ఊరికి అంతా చెప్పింది. పత్తిలో ఏముందో, ఎవరు పెట్టారో, దాచకుండా. సర్పంచ్ తిట్టిన తిట్లు విన్నది. పడాల్సినవే అనుకుంది. పొద్దుగూకకముందే ఊళ్లో ఉన్న పత్తంతా వాగు ఇసుకలో పోసి తగలబెట్టారు. ఆనవాయితీ అని పింజ కదలనివ్వని పోసక్కే మొదటి పుల్ల గీసిందట. తోటి ఊళ్లకు కూడా మాట పంపారు. మత్తుసూదివాళ్లు వచ్చి వెతికారు గానీ చీకటి పడేసరికి పటేల్ అందలేదు. మిల్లులకు ఎన్ని లారీలు వెళ్లిపోయాయో, ఆ పత్తి ఏ ఊళ్లో ఏ పరుపుల్లోకి చేరిందో కనుక్కోవడానికి వేదగిరి గారు కూర్చున్నారు. ఇప్పుడాయన నివేదిక అనడంలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఫోన్లు చేస్తున్నారు.

మర్నాడు తొట్టెల. ఆగుతుందనుకుంది రుక్మ. ఆగలేదు సరికదా, పులి నోట్లోంచి బయటపడ్డ పిల్ల అని ఊరంతా కదిలింది. ఆసుపత్రి నుంచి ఆమె తొమ్మిదిన్నరకు చేరేసరికి వాకిట్లో పాట, లోపల పసుపు నీళ్లు, దూలానికి చీర తొట్టెల. పనికి పోయేముందే వచ్చిపోదామని ఆడవాళ్లంతా పొద్దున్నే చేరారు. నడుముకు పత్తి ఒడి కట్టుకునే వచ్చారు చాలామంది.

రుక్మ ముందు అర్రలోకి వెళ్లింది. కడిగి, అలికి, కిటికీలు తెరిచి ఉంది. ముక్కుపెట్టె నేలమీద పెట్టింది. నాలుగు. గోడకు పెట్టింది. మూడు. దూలానికి, కిటికీకి, గడపకు పెట్టి చూసింది. ఉత్త గడ్డి అంకెలే. నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలి, గోడకానుకుని ఏడ్చింది. హాయిగా ఏడ్చింది.

"ఏడుపులయినంక ఇటు రా," అని కేకేసింది పోసక్క. "అందరెత్తుకున్నరు, నువ్వొక్కదానివే మిగిలినవ్. నూనె వెట్టి ఎత్తుకో."

తొట్టెల ఆనవాయితీ అది. ఊళ్లోని ప్రతి ఆడమనిషీ పిల్ల మాడుమీది ఆముదపు పత్తిని వేళ్లతో తాకి, ఆ నూనె తన చేతులకు రాసుకుని, పిల్లను ఎత్తి పక్కదానికి అందించాలి. పిల్ల ఊరందరిదీ అని అర్థం. రుక్మ చెంపలు తుడుచుకుంటూ వచ్చి చేతులు చాచింది. ముక్కుపెట్టె ఇంకా కుడిచేతిలోనే ఉంది.

అది కీచుమంది.

ఆమె కిందికి చూసింది. రెండు వందల నలభై. పిల్ల తలకు దగ్గరగా జరిపితే మూడు వందల పది.

మాడుమీది పత్తి. ఇరవై రోజులుగా రోజూ ఆముదం పోస్తున్న, ఒళ్లు వెచ్చదనం తగులుతున్న గుప్పెడు పత్తి. కుప్పనంతా తగలబెట్టారు, పిల్ల నెత్తిమీది ముద్దను పత్తనే ఎవరూ అనుకోలేదు. పత్తి ఒక్కటే అయితే తీసి పారేస్తే పోయేది. రుక్మ వేళ్లతో ఆ ముద్ద తీసి పిల్ల ఉత్త తలకు పెట్టి చూసింది. రెండు వందలు. మైనానికీ నూనెకూ ఎంత దూరం! ఆ జీవి ఆముదంలో బతకడం నేర్చుకుంది, ఆముదం పట్టిన ఒంటిమీద బతకడం నేర్చుకుంది.

"ఏమంటుందే నీ మిషను?" అంది పోసక్క.

రుక్మ పక్కనున్న ముసలామె చేతికి పెట్టెను తాకించింది. తొంభై. కవిత చేతికి నూట యాభై. అక్క చేతికి, తనకు ముద్దలు కలిపి పెట్టిన చేతికి, నూట ఇరవై.

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. రుక్మ పెట్టెను నేలమీద పెట్టి, పిల్లను రెండు చేతులా అందుకుని, గుండెకు గట్టిగా అదుముకుంది. నూనె ఆమె మెడకంటింది. అప్పుడు చెప్పింది.

"అక్కా, పత్తి కాలింది గని వాసన పోలె. పిల్లకున్నది. నీకున్నది, అందరి చేతులకున్నది. ఇప్పుడు నాకు సుత. పటేల్‌కు మనమందరం ఆ అర్రే."

పాట ఆగిపోయింది. ఒకామె చేతులు చీరకు తుడుచుకోవడం మొదలుపెట్టింది, తుడుస్తూనే ఉంది. కవిత మంచంమీద కూలబడింది. "సిన్నమ్మా, పిల్లను నాకియ్యి," అంది గుసగుసగా.

"కడిగితె పోతదా?" అంది పోసక్క.

"తెల్వదక్కా."

"నువ్వే జేస్తివి, నీకు తెల్వకపోవుడేంది?"

"తెల్వది. నాకు నిజంగ తెల్వది. ఎవ్వలు ఇల్లు కదలొద్దు. తలుపులేసుకోని లోపలుండున్రి. మందు దొరికేదాకా ఎవ్వలు చేన్లకు పోవద్దు."

జేబులో ఫోను తీసి చూసింది. తొమ్మిదింటి చుక్క వాగుకు ఇవతల ఉంది. పటేల్ ఐదు కిలోమీటర్లు వెనక్కొచ్చాడు. పదింటి చుక్క ఇంకా పడలేదు.

పోసక్క కళ్లతోనే అందరినీ ఒకసారి లెక్కపెట్టింది.

"ఎల్లవ్వేదే? లస్మక్కేది?"

"వాళ్లు పొద్దుగాల్నే నూనె వెట్టి, పిల్లను ముద్దాడి పోయిన్రు గదా," అంది ఎవరో. "సాలు మిగిలింది, ఏరొస్తమని."

అందరూ ఒక్కసారే పెరట్లోకి పరుగెత్తారు. ఇంటి వెనక నుంచి అడవి మొదలయ్యేదాకా చేలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. పత్తి నడుమెత్తు పెరిగింది. ఏరేవాళ్లు వంగి ఏరుతారు, దూరం నుంచి మనుషులు కనబడరు.

"ఎల్లవ్వా!" అని పోసక్క గొంతు చించుకుని అరిచింది. "లస్మీ!" అని ఇంకొకామె. తర్వాత అందరూ కలిసి, ఒకరి పేరు ఒకరి పేరుమీద పడేలా అరిచారు.

చాలాసేపటికి చేను నడుమ ఒక తల పైకి లేచింది. నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమైందన్నట్టు ఇటు చూసింది.

రెండో తల కోసం అందరూ చూస్తున్నారు.